480 మంది అభ్యర్థులు, ఒక్క బిందె మంచినీళ్లు

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ ఓటరు చేతికి వచ్చింది బ్యాలెట్ కాగితం కాదు, బ్యాలెట్ పుస్తకం. బరిలో 480 మంది ఉన్నారు మరి. అంతమంది పేర్లూ గుర్తులూ ఒక కాగితం మీద పట్టవు. పేజీలు తిప్పి, తనకు కావాల్సిన పేరు వెతుక్కుని, దాని పక్కన ముద్ర వేసి, ఆ పుస్తకాన్ని మడిచి పెట్టెలో వేయాలి. మామూలు బ్యాలెట్ పెట్టెల నోళ్లు దానికి చాలవు. అచ్చు పనికీ ఏర్పాట్లకూ గడువు సరిపోక అక్కడ పోలింగే వాయిదా పడింది. మన దేశంలో ఒక లోక్‌సభ స్థానానికి ఇంతమంది పోటీ చేయడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

ఆ 480 మందిలో చాలామందికి ఢిల్లీ వెళ్లాలని లేదు. వాళ్లు అడిగింది తాగే నీళ్లు. జల సాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడ్ పీడిత గ్రామాల జనం నామినేషన్లు వేశారు. సమితిని నడిపించిన దుశ్చర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదులుకుని నీళ్ల కోసం తిరిగిన మనిషి. ఆయన దగ్గర టికెట్ ఇచ్చే పార్టీ లేదు, ఖర్చుపెట్టే డబ్బు లేదు. ఉన్నదల్లా నామినేషన్ పత్రం. అర్జీ పెడితే ఆఫీసులో ఫైలు కింద పడి ఉంటుంది. నామినేషన్ పత్రాన్ని అలా పక్కన పడేయడానికి లేదు. అధికారి తీసుకోవాలి, పరిశీలించాలి, గుర్తు కేటాయించాలి, పేరు అచ్చు వేయించాలి. చట్టంలోని ఈ సంగతిని ఆ పల్లెలు వాడుకున్నంత బాగా ఇంకెవరూ వాడుకోలేదని నా అభిప్రాయం.

ఒక అభ్యర్థికి ఎన్ని హక్కులో!

స్వతంత్ర అభ్యర్థి అయినా సరే, ప్రతి పోలింగ్ కేంద్రంలోనూ తన తరఫున ఏజెంటును కూర్చోబెట్టుకోవచ్చు. ఊరి బడిలో ఒక తరగతి గది, అందులో 480 మంది ఏజెంట్లు: లెక్క వేసుకుంటేనే అధికారుల ఇబ్బంది తెలుస్తుంది. ప్రతి ఒక్కరికీ మరొకరికి లేని గుర్తు కూడా ఉండాలి. గొడుగు, నిచ్చెన, గాలిపటం, సైకిలు పంపు అనుకుంటూ పోతే వందో గుర్తు దాకా కూడా ఊహ సాగదు. అక్కడ వందలు కావాల్సి వచ్చాయి.

1951–52 తొలి ఎన్నికల పద్ధతే ఇంకా ఉండి ఉంటే ఏమయ్యేదో! అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె. పెట్టె మీద అతని గుర్తు అంటించేవారు, ఓటరు తనకు నచ్చిన పెట్టెలో కాగితం వేసి వచ్చేవాడు. 1957లోనూ అంతే. కాగితం మీద ముద్ర వేసే పద్ధతి దేశమంతటా సార్వత్రిక ఎన్నికలకు వచ్చింది 1962లో. పాత పద్ధతిలో నల్లగొండ ఎన్నిక జరిగితే ఒక్కో కేంద్రానికి 480 పెట్టెలు మోయాల్సి వచ్చేది.

నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు

నల్లగొండ ఎన్నికల చరిత్రలో ఇది మొదటి రికార్డు కాదు. 1952లో ఇక్కడి నుంచి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ తరఫున నిలబడ్డ రావి నారాయణరెడ్డికి 3 లక్షల 9 వేలకు పైగా ఓట్లు వచ్చాయి. ఆ ఎన్నికల్లో ప్రధాని నెహ్రూకు వచ్చినవి 2 లక్షల 33 వేల పైచిలుకు. రెండూ ఇద్దరేసి సభ్యుల్ని ఎన్నుకునే పెద్ద నియోజకవర్గాలే కాబట్టి పోలికకు లోటు లేదు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో ఫ్రంట్ పేరుతో పోటీ చేశారు. అప్పటి స్థానిక సమస్య భూమి. దొర గడీలు, వెట్టిచాకిరీ, కౌలు, బేదఖళ్లు. భువనగిరి దగ్గరి బొల్లేపల్లిలో పుట్టిన ఈ నాయకుడికి జనం ఓట్లు గుమ్మరించింది వీటి గురించే.

1996లో గెలిచింది కూడా ఆ తరం మనిషే. సీపీఐకి చెందిన బొమ్మగాని ధర్మభిక్షం. సూర్యాపేటలో విద్యార్థుల్ని కూడగట్టి, గీత కార్మికుల సంఘాల్ని కట్టి, తాటిచెట్టు ఎక్కేవాడి కష్టాన్ని చట్టసభల దాకా తీసుకువెళ్లిన వ్యక్తి. 1991లోనూ నల్లగొండ ఎంపీ ఆయనే. నీళ్ల కోసం నిలబడ్డవాళ్లందరూ ఓడారు, దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి. పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే ఆ సొమ్ము ప్రభుత్వానికే. అయితే వాళ్లు ఓట్ల కోసం నిలబడలేదు కాబట్టి దాన్ని ఓటమి అనడానికి నాకు నోరు రాదు.

ఆ నీళ్లలో ఏముంది?

నల్లగొండ నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ కరిగి భూగర్భజలంలోకి వస్తుంది. చేదబావుల కాలంలో వాననీరు పైపైనే ఊరి కొంత పలచబడేది. చెరువులు ఎండి, బోరు వెంట బోరు లోతుకు దిగేకొద్దీ రాతిలో ఏళ్ల తరబడి నిలిచిన నీరు పైకి వచ్చింది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఎన్నో ఊళ్లలో దానికి కొన్ని రెట్లు ఉండేది.

ముందు పళ్లు చెబుతాయి. పిల్లవాడికి పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేసరికి వాటి మీద సున్నంలాంటి తెల్లమచ్చలు, తర్వాత గోధుమరంగు చారలు. పెద్దయ్యేకొద్దీ ఎముకల వంతు. మెడ తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాలి. నడుము వంగితే మళ్లీ లేవదు. వెన్ను బిగుసుకుపోయి, ముప్పై ఏళ్లకే కర్ర పట్టుకుని నడిచేవాళ్లు ఆ ఊళ్లలో కొత్త కాదు. పక్క ఊళ్లవాళ్లు పిల్లనివ్వడానికి వెనకాడేవారు.

ఇంకో మాట, ఇప్పటికీ చాలామందికి తెలియనిది: నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ అక్కడే ఉంటుంది. అంటే కాచినకొద్దీ చిక్కబడుతుంది. పిల్లల ఆరోగ్యం కోసమని పొయ్యి మీద నీళ్లు మరగబెట్టిన తల్లుల్ని తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది.

చింతపండు మాత్రం ఈ విషయంలో మన పక్షమే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు బడిపిల్లల మీద పరిశీలించి చూశారు. చింతపండు తిన్నప్పుడు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతున్నట్టు తేలింది. పులుసు తాగితే జబ్బు నయమవుతుందని దీని అర్థం కాదు. ఒంట్లో నిలిచే విషం కొంత తగ్గుతుందని మాత్రమే.

దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించిందీ తెలుగు నేల మీదే. 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో ఉన్న దర్శి ప్రాంతంలో. ఇప్పుడది ప్రకాశం జిల్లా. అంటే నల్లగొండ జనం నామినేషన్లు వేసేనాటికి ఈ జబ్బు సంగతి వైద్యులకు తెలిసి 59 ఏళ్లు.

డ్యాం పక్కనే దాహం

నాగార్జునసాగర్ ఉన్నది ఈ జిల్లా సరిహద్దులోనే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. ఎడమ కాల్వ వెళ్లింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా ఖమ్మం వైపు. మునుగోడు, దేవరకొండ ప్రాంతాలు మెరక. నీళ్లు పల్లానికి పోతాయి కాబట్టి డ్యాం కట్టిన జిల్లాలోనే సగం నోరెండబెట్టుకుని చూసింది.

దీంట్లో ఇంకా బాధ కలిగించే మలుపు ఉంది. 1970లలో నల్లగొండ పల్లెల్లో కుర్రవాళ్ల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే లక్షణం కనబడింది. పోషకాహార సంస్థ వైద్యులు దాన్ని అంతర్జాతీయ వైద్యపత్రికలో నమోదు చేశారు. సాగర్ కట్టాక చుట్టుపక్కల భూగర్భజల మట్టం పెరిగి, నేలలోని లవణాల పాళ్లు మారి, అక్కడ పండిన జొన్నలో మాలిబ్డినం పెరిగిందనీ, ఫ్లోరైడ్‌కు అది తోడై కాళ్లు అలా వంగుతున్నాయనీ వారు ప్రతిపాదించారు. నీళ్లు రాకపోవడం ఒక శాపం, పక్కన పెద్ద జలాశయం రావడం మరో రకం శాపం.

ఊరి పేరు మీద ఒక విద్య

ఆఫ్రికాలో టాంజానియా, కెన్యా, ఇథియోపియాల్లో నీటి ఇంజనీర్లకు మన నల్లగొండ పేరు బాగా తెలుసు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఫ్లోరైడ్ తొలగించే పద్ధతి పేరే ‘నల్లగొండ పద్ధతి’. అందులో వాడేవన్నీ మన బజార్లో దొరికేవే: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. కుళాయి బిగించిన పెద్ద బకెట్లో నీళ్లు పోసి, కొలత ప్రకారం ఇవి కలిపి, ముందు గబగబా, తర్వాత మెల్లగా తిప్పుతారు. కాసేపటికి నీళ్లలో దూదిపింజల్లాంటివి తేలతాయి. అవి ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి అడుక్కి దిగుతాయి, ఫ్లోరైడ్‌ను తమతో పాటు లాక్కుపోతాయి. ఒక గంట కదపకుండా ఉంచి, కుళాయి తిప్పి పైనున్న తేట నీళ్లు పట్టుకోవాలి. కుళాయి అడుగుకు కాస్త ఎత్తులో ఉండటం అందుకే.

వినడానికి సులువే. పొద్దున్నే కూలికి పోయే ఇంట్లో రోజూ ఈ పని ఎవరు చేస్తారు? నీటిలో ఫ్లోరైడ్ ఎంత ఉంటే పటిక అంత పడాలి, ఊరూరికీ కొలత మారుతుంది. అడుగున మిగిలిన బురదను ఎక్కడ పోయాలి? అందుకే ఊళ్లవాళ్లు బకెట్లతో సరిపెట్టుకోలేదు, కృష్ణ నీళ్లే కావాలని పట్టుబట్టారు. వాళ్లు అడిగింది న్యాయం.

చట్టం మాత్రం పరుగెత్తింది

ఆ ఏడాది నల్లగొండ ఒక్కటే కాదు. కర్ణాటకలో బెల్గాం లోక్‌సభ స్థానానికి 456 మంది, తమిళనాడులో మొదకురిచ్చి అసెంబ్లీ స్థానానికి 1,033 మంది పోటీ చేశారు. మొదకురిచ్చిలో దీని వెనుక ఉన్నది రైతుల నిరసన, బెల్గాంలో సరిహద్దు వివాదం. దేశం మొత్తం మీద 1996లో లోక్‌సభకు పోటీ చేసినవారు 13,952 మంది. సగటున ఒక్కో సీటుకు దాదాపు 26 మంది.

అదే ఏడాది ప్రజాప్రాతినిధ్య చట్టానికి సవరణ వచ్చింది. లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్ 500 రూపాయల నుంచి ఒక్కసారిగా 10,000కు పెరిగింది. ఇరవై రెట్లు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 250 నుంచి 5,000. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, మిగతావారికి పదిమంది కావాలన్నారు. బ్యాలెట్‌లో పేర్ల వరుస మార్చి గుర్తింపు పార్టీలవాళ్లను పైన పెట్టారు. ప్రచారానికి ఇచ్చే కనీస గడువును 20 రోజుల నుంచి 14కు కుదించారు. 1998లో మళ్లీ ఎన్నికలు వచ్చేసరికి అభ్యర్థుల సంఖ్య 4,750కి పడిపోయింది. డిపాజిట్ తర్వాత 25,000 అయింది.

బ్యాలెట్ నిర్వహణ కష్టమని తెలుసు, దాన్ని కాదనను. కానీ నీళ్ల కోసం నిలబడ్డ ఊళ్లకు ముందుగా అందింది నీళ్లు కాదు, పెరిగిన డిపాజిట్. 1996లో 480 మందికీ తలా 500 చొప్పున లెక్కేసినా 2 లక్షల 40 వేలు. కొత్త రేటుతో అయితే 48 లక్షలు. కూలినాలి చేసుకునే ఊరు ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది?

ఎంపీ చేతిలో ఏముంటుంది?

నీరు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. అలాంటప్పుడు పార్లమెంటు అభ్యర్థిని బోరు గురించి, పైపు గురించి నిలదీయడం సబబేనా అని కొందరు అడుగుతారు. సబబే. ఎంపీ నియోజకవర్గ అభివృద్ధి నిధులు 1993 డిసెంబరులో మొదలైనప్పటి నుంచీ తాగునీటి పనులు అందులో ఉన్నాయి. 1996 నాటికి ఏడాదికి కోటి రూపాయలు, 1998 తర్వాత రెండు కోట్లు, 2011 నుంచి అయిదు కోట్లు. వందల ఊళ్లున్న నియోజకవర్గానికి ఇది చాలదు. కానీ నిధులకన్నా పెద్దది సభలో గొంతు. ఆ గొంతు కోసమే సమితి ఢిల్లీ దాకా వెళ్లింది. ఫ్లోరైడ్‌తో కాళ్లూ చేతులూ ముడుచుకుపోయిన ఒక యువకుణ్ని 2003లో దుశ్చర్ల సత్యనారాయణ ప్రధాని వాజ్‌పేయి దగ్గరికి తీసుకుపోయి, ఆయన ముందున్న బల్ల మీద పడుకోబెట్టారు. మాటలు అయిపోయినప్పుడు ఏం చేయాలో ఆయనకు తెలిసినట్టుంది.

23 ఏళ్ల తర్వాత, పసుపు రైతులు

2019లో ఇదే దారి నిజామాబాద్‌ పట్టింది. రైతులు అడిగింది పసుపు క్వింటాలుకు 15,000, ఎర్రజొన్నకు 3,500 గిట్టుబాటు ధర, ఒక పసుపు బోర్డు. ఆర్మూరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద బైఠాయించి చూశారు. ఆ తర్వాత నామినేషన్లకు దిగారు. ఊరూరా చందాలు వేసుకుని తలా పాతికవేలు కట్టారు. చివరికి బరిలో 185 మంది మిగిలితే, అందులో 178 మంది రైతులే.

అప్పటిదాకా వాడుతున్న ఓటింగ్ యంత్రాలకు 64 మంది దాటితే పట్టదు. మళ్లీ కాగితం బ్యాలెట్టే అనుకున్నారు అందరూ. ఎన్నికల సంఘం ఎం3 రకం కొత్త యంత్రాలు తెప్పించింది. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌ మీద 16 పేర్లు. 185 మంది, వారి తర్వాత నోటా, వెరసి 186 మీటలు. అందుకని ప్రతి కేంద్రంలో 12 యూనిట్లు వరసగా పేర్చారు. ఏప్రిల్ 11న ఓటరు ఆ వరస ముందు నిలబడి, ఒక్కో పెట్టె దగ్గర ఆగి, తనకు తెలిసిన పేరు కోసం వెతుక్కున్నాడు. చూపు ఆనని ముసలివాళ్ల అవస్థ చెప్పనక్కర్లేదు. ఎం3కి గరిష్ఠంగా 24 యూనిట్లు తగిలించవచ్చు, అంటే 384 పేర్లు. నల్లగొండ 480 మళ్లీ వస్తే ఈ యంత్రం కూడా చేతులెత్తేస్తుంది.

అక్కడ గెలిచింది బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్. ఓడింది సిట్టింగ్ ఎంపీ, అప్పటి ముఖ్యమంత్రి కుమార్తె కవిత. ఆధిక్యం 70 వేల పైచిలుకు. రైతు అభ్యర్థులందరి ఓట్లూ కూడితే ఆ ఆధిక్యాన్ని మించాయి. పసుపు బోర్డు తెస్తానని అర్వింద్ బాండు పేపరు మీద రాసిచ్చారు. బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది. నిజామాబాద్ కేంద్రంగా అది మొదలైంది 2025 సంక్రాంతి రోజున. బాండు పేపరుకూ బోర్డుకూ మధ్య దాదాపు ఆరు పసుపు పంటలు చేతికొచ్చి వెళ్లాయి. మద్దతు ధర అడిగిన రైతు ఇప్పటికీ యార్డులో వేలం పాట కోసమే చెవులు రిక్కించి నిలబడుతున్నాడు.

మరి నల్లగొండకు నీళ్లొచ్చాయా?

వచ్చాయి, ఆలస్యంగా. ముందు ఏఎమ్మార్పీ. పుట్టంగండి దగ్గర సాగర్ వెనుకజలాల్ని పైకి తోడి మెరక ప్రాంతానికి అందించే ఎత్తిపోతల పథకం. నల్లగొండ జిల్లాకు చెందిన మంత్రి, 2000లో నక్సలైట్ల దాడిలో చనిపోయిన ఎలిమినేటి మాధవరెడ్డి పేరు దానికి పెట్టారు. తర్వాత ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ. దాని పైలాన్‌ను 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. ఆ చోటు ఫ్లోరైడ్ ప్రాంతంలోనిదే, అలా ఎంచుకోవడం బాగుంది. తెలంగాణలో ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఆవాసాలు ఇక లేవని 2020లో కేంద్రం పార్లమెంటులో చెప్పింది. అప్పటికే వంగిన ఎముకల్ని ఏ నీరూ సరిచేయదు. నల్లా నీళ్లు ఎండాకాలంలో ఒకపూట ఆగితే జనం చూపు మళ్లీ బోరు వైపే పోతుంది. కాబట్టి ఆ లెక్క ప్రతి ఏడూ ఊళ్లకు వెళ్లి సరిచూసుకోవాల్సిందే.

ఇంకా రావాల్సినవి సొరంగం నీళ్లు. శ్రీశైలం జలాశయం నుంచి మోటార్ల అవసరం లేకుండా, వాలు మీదనే నల్లగొండకు కృష్ణను పారించే ఎస్సెల్బీసీ సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు లోపల పైకప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. ఒక్కరూ బతికి బయటపడలేదు. నల్లగొండ నీళ్ల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి తవ్విన ఇంజనీర్లు, కూలీలు వాళ్లు. ఆ రోజుకు ఇంకా 9 కిలోమీటర్లకు పైగా తవ్వాల్సి ఉంది.